పాఠం పుస్తకంలో, ఫ్లోరైడ్ బోరింగులో!

నల్గొండ: కాల్షియం ఫ్లోరైడ్ నీటిలో కరగదని బడి పిల్లలు పరీక్ష కోసం బట్టీ పడుతుంటారు. ఆ ఒక్క వాక్యం వెనుక ఈ జిల్లా పల్లెల కష్టం ఎంతో ఉంది. రసాయన శాస్త్రంలో ‘కరగదు’ అంటే అసలే కరగదని కాదు, చాలా కొద్దిగా కరుగుతుందని అర్థం. ఆ కొద్దే ఇక్కడ తరాల తరబడి పళ్లను గారపట్టించింది, నడుములు వంచింది.

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. ఒక లీటరు మంచి నీటిలో కాల్షియం ఫ్లోరైడ్ సుమారు 16 మిల్లీగ్రాములు కరుగుతుంది. అందులో ఫ్లోరైడ్ వంతు సుమారు 8 మిల్లీగ్రాములు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోవడం మంచిదనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు మాత్రమే అనుమతించవచ్చుననీ మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే ‘కరగని’ పదార్థం కూడా హద్దుకు అయిదు రెట్లు ఫ్లోరైడ్‌ను నీటిలోకి వదలగలదన్నమాట.

రాయి నుంచి బిందెలోకి

నల్గొండ జిల్లా నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్ రాయి. ఆ రాయిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. వాన నీరు భూమిలోకి ఇంకి, రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, ఆ ఖనిజాలను కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. చెరువు నీటికి, నది నీటికి రాతితో అంత సహవాసం ఉండదు. అందుకే వాటిలో ఫ్లోరైడ్ తక్కువగానూ, లోతు బోర్లలో ఎక్కువగానూ కనిపిస్తుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతాల పేర్లు ఫ్లోరోసిస్‌తో ముడిపడటానికి మూలం ఇక్కడే ఉంది.

రాయి ఒకటే అయినా అన్ని బోర్లలో ఫ్లోరైడ్ సమానంగా ఉండదు. ఇంటర్మీడియట్ విద్యార్థులు చదివే ‘ద్రావణీయతా లబ్ధం’ ఇందుకు జవాబు చెబుతుంది. కాల్షియం, ఫ్లోరైడ్ తక్కెడలోని రెండు తట్టల వంటివి. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి గడ్డకట్టి అడుగున దిగిపోతుంది. కాల్షియం నాలుగింతలైతే నీటిలో నిలవగల ఫ్లోరైడ్ సగానికి తగ్గుతుంది. నీటిలో సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉంటే కాల్షియం సున్నపు రాయిగా మారి విడిపోతుంది. అప్పుడు ఫ్లోరైడ్‌ను పట్టి ఆపేది ఉండదు. అందుకే సబ్బు బాగా నురగ వచ్చే మెత్తని నీరు తాగడానికి కూడా మంచిదే అనుకోవడం పొరపాటు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, ఈ మోతాదులో రుచీ తెలియదు.

కాచితే పోదు, పెరుగుతుంది

నీరు కాచి చల్లార్చి తాగితే ఏ రోగమూ రాదని చాలా ఇళ్లలో నమ్మకం. కలరా, విరేచనాల వంటి క్రిమి రోగాల విషయంలో అది నిజం. ఫ్లోరైడ్ క్రిమి కాదు, కాచినంత మాత్రాన చావదు. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న 10 లీటర్ల నీటిని కాచితే, ఆవిరై 8 లీటర్లు మిగిలాయనుకుందాం. మొత్తం 20 మిల్లీగ్రాములూ ఆ 8 లీటర్లలోనే ఉంటాయి. అంటే లీటరుకు 2.5 అవుతుంది. కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది చాలావరకు సున్నపు పదార్థం. మేలు చేసే కాల్షియం అడుగున మిగిలి, ఫ్లోరైడ్ గ్లాసులోకి వస్తున్నదన్నమాట. గుడ్డతో వడకట్టినా ప్రయోజనం లేదు. కరిగిన ఉప్పు గుడ్డలో ఆగనట్లే ఇదీ ఆగదు.

తాగడానికి మాత్రం మంచి నీరు తెచ్చుకుని, అన్నం, పప్పు, చాయ బోరింగు నీటితోనే కాచుకునే ఇళ్లు కూడా జాగ్రత్తపడాలి. వంటలో ఇగిరిన నీటిలోని ఫ్లోరైడ్ కూడా కడుపులోకే పోతుంది.

ఎముకలో ఏం జరుగుతుంది?

మన ఎముకలు, పళ్లు కాల్షియం ఫాస్ఫేట్‌తో కట్టిన గోడల వంటివి. ఆ కట్టడంలో హైడ్రాక్సైడ్ అయాన్‌కు ఒక చోటు ఉంది. ఫ్లోరైడ్ అయాన్ పరిమాణం, విద్యుదావేశం దానితో దాదాపు సరిపోతాయి. అందుచేత దాన్ని తోసి ఆ చోట కూర్చుంటుంది. కొద్ది మోతాదులో ఇది పంటికి గట్టిదనం ఇస్తుంది. మోతాదు మించితే చిన్ననాడు తయారయ్యే పళ్లపై మచ్చలు పడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగుతుంది. పోషకాహారం, కాల్షియం చాలని పిల్లలకు ముప్పు మరింత ఎక్కువ. ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి ఒరిగిపోయే వంకరను గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే ప్రపంచానికి తెలిపారు. అంతకు ముందు 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును షార్ట్, ఆయన సహచరులు గుర్తించి ప్రకటించారు. ఒకసారి వంగిన ఎముకను మళ్లీ సరిచేసే మందు లేదు. రాకుండా చూసుకోవడమే మార్గం.

పటిక, సున్నం

ఈ జిల్లా పేరు జబ్బుతోనే కాదు, దాని విరుగుడుతో కూడా ముడిపడి ఉంది. నాగపూర్‌లోని ‘నీరి’ పరిశోధన సంస్థ 1970వ దశకంలో రూపొందించిన పద్ధతికి ‘నల్గొండ విధానం’ అనే పేరు వచ్చింది. టాంజానియా, ఇథియోపియా దేశాల్లో కూడా దీన్ని వాడి చూశారు. నీటిలో సున్నం, పటిక, క్రిములు చావడానికి కొద్దిగా బ్లీచింగ్ పౌడర్ వేసి, పది నిమిషాలు నిదానంగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచుతారు. పటికలోని అల్యూమినియం దూదిపింజల వంటి హైడ్రాక్సైడ్‌గా మారి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు చేరుతుంది. పటిక వల్ల వచ్చే పులుపును సున్నం సరిచేస్తుంది. పైనున్న తేట నీటిని వంచుకుని, అడుగు మడ్డిని బావికి, బోరుకు దూరంగా పారబోయాలి.

అయితే పటిక ఎంత వేయాలన్నది చేతి అంచనాతో తేలదు. నీటిలోని ఫ్లోరైడ్, క్షారత ఎంతో పరీక్షించి మోతాదు నిర్ణయించాలి. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే అల్యూమినియం, సల్ఫేట్ నీటిలో మిగులుతాయి. తెలిసినవారి సలహా లేకుండా ఇంట్లో ప్రయోగాలు చేయరాదు.

బడి పిల్లలే కాపలాదారులు

మిషన్ భగీరథ పైపులతో నది నీరు పల్లెలకు చేరడం ఈ జిల్లాకు పెద్ద ఊరట. అయినా పాత బోరింగులు ఊళ్లలో అలాగే ఉన్నాయి. ఏ మోటారో చెడి, ఏ పైపో పగిలి నల్లా ఆగిన రోజున బిందె మళ్లీ బోరింగు దగ్గరికే పోతుంది. పొలం పనులకు వెళ్లినవారు అక్కడి బోరు నీరే తాగుతారు. ఏ బోరు మంచిదో, ఏది చెడ్డదో ఊరికి తెలిసి ఉండాలి.

ఇది కష్టమైన పనేమీ కాదు. పరీక్ష పెట్టెలోని జిర్కోనియం రంగు మందును నీటిలో వేస్తే, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ రంగు పసుపులోకి తిరుగుతుంది. రంగుల పట్టీతో పోల్చి అంకె చదవవచ్చు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు ఇటువంటి పరీక్షల్లో శిక్షణ ఇవ్వాలన్న ఏర్పాటు ఉంది. ఉపాధ్యాయులు ఉన్నత పాఠశాల పిల్లలను వెంటబెట్టుకుని ఈ మహిళలతో కలిసి ఊరి బోర్లన్నీ పరీక్షించవచ్చు. అనుమానం వచ్చిన చోట నీటిని ప్రయోగశాలకు పంపాలి. తేలిన అంకెను, తేదీని ప్రతి బోరింగు మీద రంగుతో రాయించడం పంచాయతీ వంతు.

అప్పుడు తొమ్మిదో తరగతి చదివే బిడ్డ బోరింగు దగ్గర నిలబడి, “అమ్మా, ఇది బట్టలకే, తాగేందుకు కాదు” అని చెప్పగలుగుతుంది. పుస్తకంలోని పాఠం ఊరికి దక్కేది ఆ రోజునే.