మన రైలుదారిపై కొత్త బండి: అది పాతదానిని ఎట్లు మించినది?

వేగముగా పోవు కార్లను గూర్చిన ముచ్చట విద్యార్థులందరికిని ప్రీతికరమైనది. బుగాటీ సంస్థవారి వేరాన్ అను కారు 2005లో 1001 అశ్వశక్తితో వెలువడినది. దాని తరువాత 2016లో వచ్చిన షిరాన్ 1500 అశ్వశక్తి గలది. అట్టి కార్లు మన వీధులలో కానరావు. అయినను, కొత్త వాహనము పాతదానిని మించుటకు అశ్వశక్తి యొక్కటియే కారణమా అను ప్రశ్నకు సమాధానము మన జోలార్పేట రైలుదారిపైననే లభింపగలదు.

దక్షిణ భారతమున తొలి ప్రయాణికుల రైలు 1856 జూలై 1వ తేదీన రాయపురము నుండి వాలాజా రోడ్డు వరకు నడచినది. 1864లో జోలార్పేట నుండి బెంగుళూరు కంటోన్మెంటుకు దారి పడినది. నాడు ఆవిరి యంత్రములు లాగిన ఆ మార్గముననే, 2022 నవంబరు 11న చెన్నై, మైసూరుల మధ్య వందే భారత్ బండి ప్రారంభమైనది. ఇట్టి బండ్లలో మొదటి తరమువానిని 2018లో చెన్నై పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీవారు నిర్మించిరి. మన దారిపై వచ్చినది రెండవ తరమునకు చెందినది.

ముందుగా ఇంజను లాగు బండికిని దీనికిని గల భేదమును గ్రహింపవలెను. సాధారణపు బండిలో ముందున్న ఇంజను ఒక్కటియే వెనుకనున్న పెట్టెలన్నిటిని లాగును. డబ్ల్యూఏపీ-7 అను విద్యుత్ ఇంజనుకు ఆరువేలకు పైబడిన అశ్వశక్తి కలదు. బరువు 123 టన్నులు. శక్తి యెంత యున్నను, చక్రము పట్టాను గట్టిగా పట్టుకొనిననే బండి కదలును. ఆ పట్టు చక్రముపై పడు బరువును బట్టి యుండును. బరువు చాలనిచో చక్రము ఉన్నచోటనే తిరిగి జారును.

తిరునాళ్లలో తేరు లాగుటను తలచుకొనుడు. బలశాలి యొకడు లాగిన తేరు కదలదు. వాని కాళ్లు మట్టిలో జారును. నూరుమంది మోకు పట్టినచో అది సులభముగా కదలును. వందే భారత్ బండిలో జరుగునది ఇదియే. పదునారు పెట్టెలు గల బండిలో సగము పెట్టెల క్రింద మోటార్లు అమర్చబడియున్నవి. అందుచేత బండి బరువులో దాదాపు సగము పట్టునకు ఉపయోగపడును. ప్రత్యేకముగా ఇంజనును తగిలించుట, విప్పుట అను పని లేదు.

ఇక రెండు తరములకు గల తారతమ్యమును చూతము. మొదటి తరపు బండి 430 టన్నుల బరువు గలది. రెండవది 392 టన్నులు. నిలిచియున్న స్థితి నుండి గంటకు 100 కిలోమీటర్ల వేగమును అందుకొనుటకు మొదటిదానికి 54.6 సెకండ్లును, రెండవదానికి 52 సెకండ్లును పట్టును. భేదము మూడు సెకండ్లయినను లేదు గదా అని మీరు అడుగవచ్చును. నిజమే. అసలు లాభము తగ్గిన 38 టన్నుల బరువులో నున్నది.

మన ఊరి నుండి బెంగుళూరునకు పోవు బండి సుమారు 500 మీటర్ల ఎత్తు ఎక్కవలెను. 38 టన్నులను అంత ఎత్తునకు చేర్చుటకు, గాలి నిరోధమును రాపిడిని లెక్కింపకున్నను, దాదాపు 52 యూనిట్ల విద్యుత్తు కావలెను. బరువు తగ్గినందున ప్రతి ఆరోహణమునను ఆ శక్తి మిగులును. పై తరగతుల విద్యార్థులు ద్రవ్యరాశిని, గురుత్వ త్వరణమును, ఎత్తును హెచ్చవేసి ఈ లెక్కను స్వయముగా సరిచూచుకొనవలెను.

వేగముతోపాటు అదుపును ఉండవలెను. బండిని ఆపునపుడు మోటార్లే విద్యుజ్జనకములుగా మారి, చలనశక్తిని విద్యుత్తుగా మార్చి పై తీగకు తిరిగి పంపును. పెట్టెల క్రింద గాలి నింపిన స్ప్రింగులు కుదుపును తగ్గించును. ఈ రెండు సదుపాయములును మొదటి తరముననే కలవు. రెండవ తరమున కవచ్ అను రక్షణ సాధనమును చేర్చిరి. డ్రైవరు ఎర్ర సిగ్నలును దాటబోయినచో అది తానే బ్రేకు వేయును. అయితే దారి పొడవునను, స్టేషన్లయందును దానికి తగిన పరికరములు ఉన్నచోటనే అది పని చేయగలదు.

వంపులయందు మాత్రము బండి సామర్థ్యము చాలదు. వేగము రెండింతలైనచో బండిని వెలుపలికి నెట్టు ప్రభావము నాలుగింతలగును. అందుకే వంపులలో వెలుపలి పట్టాను కొంత ఎత్తుగా అమర్చుదురు. ఆ ఎత్తునకును హద్దు కలదు. కనుక వేగమునకును హద్దు కలదు. 2018 డిసెంబరులో జరిగిన పరీక్షయందు మొదటి తరపు బండి గంటకు 180 కిలోమీటర్ల వేగమును అందుకొన్నది. కాని చెన్నై–మైసూరు బండి, ప్రారంభమైన నాటి కాలపట్టిక ప్రకారము, సుమారు 500 కిలోమీటర్ల దూరమునకు ఆరున్నర గంటలు తీసికొన్నది. అనగా సగటున గంటకు 77 కిలోమీటర్లు. బండి యెంత మేలైనదైనను దారి మేలైనది కానిచో దాని శక్తి వెలికి రాదు.

ఈ లెక్కలు పరీక్షకు మాత్రమే కాదు, ప్రాణరక్షణకును పనికివచ్చును. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి సెకండుకు దాదాపు 28 మీటర్లు ముందుకు వచ్చును. వేగము ప్రతి సెకండుకు 0.8 మీటరు చొప్పున తగ్గునట్లు బ్రేకు వేసినను, అది ఆగులోపల సుమారు 480 మీటర్లు సాగును. మనిషిని చూచి డ్రైవరు బ్రేకు వేసినను ఫలము లేకపోవచ్చును. పైగా విద్యుత్ బండికి ఆవిరి యంత్రమువలె దూరము నుండియే తెలియు చప్పుడు లేదు. దూరముగా నున్నదనుకొన్న బండి పది సెకండ్లలో 280 మీటర్లు దాటి మీద పడును.

రైలుదారికి ఇరుప్రక్కల ఇండ్లు గల ఊరు మనది. బడికి ఆలస్యమైనదని పట్టాలపై అడ్డముగా పరుగెత్తు పిల్లలు, వారిని పంపు తలిదండ్రులు ఈ సంఖ్యలను జ్ఞాపకముంచుకొనవలెను. పై వంతెన ఎక్కి దిగుటకు పట్టునది కొద్ది నిమిషములు మాత్రమే. బండ్ల వేగము పెరుగుకొలది మన జాగ్రత్తయు పెరుగవలెను.