అట్టల అలమర బట్టల బరువు మోస్తుందా?

అద్దె ఇంట్లో దిగిన మొదటి వారం బట్టలు ఎక్కడ సర్దాలన్నదే పెద్ద తలనొప్పి. గోడలో అలమరలు ఉంటే తలుపులుండవు, తలుపులుంటే అరలు చాలవు. ఇనుప బీరువా కొంటే మూడో అంతస్తుకు ఎక్కించడానికి నలుగురు కావాలి, ఖాళీ చేసేటప్పుడు దించడానికి మళ్లీ నలుగురు. చవగ్గా దొరికే పార్టికల్ బోర్డు వార్డ్‌రోబ్ మొదటి ఇంట్లో బాగానే నిలబడుతుంది. విప్పి రెండో ఇంట్లో బిగించేసరికి మరలు పట్టు వదిలేస్తాయి, తడి తగిలిన కింది అంచు ఉబ్బిపోతుంది. ఇలాంటి ఇళ్ల కోసమే ఇప్పుడు అట్టతో చేసిన అలమరలు వస్తున్నాయి. మడిచిన అట్టల కట్టగా ఇంటికి చేరతాయి. గాట్లలో గాట్లు దూర్చి నిలబెడితే ఒక గూడు తయారవుతుంది. గూటి మీద గూడు, పక్కన ఇంకో గూడు పెట్టుకుంటూ పోతే మనకు కావలసినన్ని అరలు. ఇల్లు మారే రోజున విప్పి, మడిచి, తాడు కట్టి పట్టుకెళ్లవచ్చు.

చూసినవాళ్లు ముందుగా అడిగేది అట్ట బరువు ఆగుతుందా అని. ఆ తర్వాత వానాకాలం గురించి, చెదల గురించి అడుగుతారు. బరువు ప్రశ్నకు జవాబు చెప్పడం తేలికే. మన ఊళ్లలో అట్ట అలమర భవిష్యత్తును తేల్చేవి మిగతా రెండే.

ఇంట్లో ఉన్న ఏదైనా అట్టపెట్టె అంచును పదునైన కత్తితో కోసి చూడండి. రెండు చదును కాగితాల మధ్య అలలు తిరిగిన ఇంకో కాగితం కనిపిస్తుంది. ఆ అలల కొసల్ని పిండి జిగురుతో పై కాగితానికీ కింది కాగితానికీ అతికిస్తారు. పెట్టెలు చేసేవాళ్ల భాషలో ఇది మూడు ప్లై. రెండు వరసల అలలుంటే ఐదు ప్లై, మూడు వరసలుంటే ఏడు ప్లై. అలను ఫ్లూట్ అంటారు. ఐదు ప్లై అట్ట దాదాపు 6-7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అరచేయంత ముక్క కోసి, అలల గొట్టాలు నిలువుగా ఉండేలా బల్ల మీద నిలబెట్టి పైనుంచి నొక్కండి. గట్టిగా ఎదురు తిరుగుతుంది. అదే ముక్కను పక్కకు తిప్పి, గొట్టాలు అడ్డంగా ఉండేలా పెట్టి నొక్కితే ఇట్టే నలిగిపోతుంది. కాగితం మారలేదు, జిగురు మారలేదు, మారింది దిశ ఒక్కటే. అట్ట ఫర్నిచర్ రహస్యంలో సగం ఇదే. పక్క గోడల్లో గొట్టాలు నిలువుగా ఉండాలి. అర పలకకు రెండు మూడు పొరల్ని, ఒకదాని గొట్టాలకు ఇంకొకదాని గొట్టాలు అడ్డంగా వచ్చేలా అతికించాలి. అప్పుడు ఏ వైపు నుంచి బరువు పడినా ఏదో ఒక పొర కాచుకుంటుంది.

ఈ కాగితం పుట్టింది పెట్టెల కోసం కాదు. 1856లో ఇంగ్లండులో హీలీ, అలెన్ అనే ఇద్దరు పొడుగు టోపీల లోపలి అస్తరు కోసం అలల కాగితానికి పేటెంటు తీసుకున్నారు. 1871లో అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ సీసాలు, దీపపు చిమ్నీలు పగలకుండా చుట్టడానికి వాడాడు. 1874లో ఆలివర్ లాంగ్ ఆ అలలకు చదును కాగితం అతికించాక ఇవాళ్టి అట్ట రూపం వచ్చింది. దాన్ని కుర్చీగా మార్చినవాళ్లలో అందరికీ తెలిసిన పేరు ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీది. అట్ట పొరల్ని ఒకదాని మీద ఒకటి దిశ మార్చి అతికిస్తూ 1972లో ఆయన చేసిన వంపుల కుర్చీ 'విగిల్ సైడ్ చైర్'ను విట్రా సంస్థ ఇప్పటికీ తయారు చేస్తోంది. టోక్యో ఒలింపిక్స్‌లో క్రీడాకారులకు ఇచ్చిన అట్ట మంచాలు 200 కిలోలు ఆగేలా చేసినవి. మన దేశంలోనే 2020 జులైలో ఢిల్లీ ఛత్తర్‌పూర్ రాధాస్వామి ప్రాంగణంలో పది వేల పడకలతో తెరిచిన కొవిడ్ కేంద్రంలో రోగులకు వేసినవి అట్ట మంచాలే. తక్కువ వ్యవధిలో అన్ని మంచాలు అమర్చాలంటే మడిచి తెచ్చుకోగలిగిన వస్తువు కావాలి మరి. ఐకియా దేశంలో తన మొదటి దుకాణాన్ని 2018 ఆగస్టులో హైదరాబాద్‌లోనే తెరిచింది. అక్కడ అమ్మే 'లాక్' బల్ల లోపల ఉన్నది కూడా తేనెపట్టు గదుల్లా అల్లిన కాగితమే. పైకి చెక్కలా కనిపించే ఫర్నిచర్‌లో కాగితం బరువు మోయడం మనకు కొత్త కాదన్నమాట.

అయితే మంచానికి అలమరకు ఒక తేడా ఉంది. మంచం మీది మనిషి తెల్లారితే లేస్తాడు. అరలోని బట్టలు లేవవు. నెలల తరబడి ఒకేచోట కూర్చున్న బరువు కింద కాగితపు పోగులు మెల్లగా సాగుతాయి, పలక నడుమ కుంగుతుంది. ఒకసారి పెట్టి చూపించిన బరువుకు ఏడాది పొడవునా మోసే బరువుకు పొంతన ఉండదు. అమ్మేవాళ్లు "ఇంత బరువు ఆగుతుంది" అంటే, ఎంతకాలం అని తప్పక అడగాలి.

మన బట్టల బరువెంతో కూడా ఒకసారి తూచి చూడటం మంచిది. జీన్స్ ప్యాంటు ముప్పావు కిలో దాకా ఉంటుంది. డజను ఒకే అరలో పేరిస్తే తొమ్మిది కిలోలు. మామూలు నూలు చీర అర కిలో చుట్టుపక్కల, జరీ బాగా ఉన్న పట్టుచీర కిలోకు దగ్గర. చొక్కాలు, కుర్తీలు, పిల్లల బట్టలు, లోదుస్తులు చాలా తేలిక. కాబట్టి ప్యాంట్లు, దుప్పట్లు కింది గూళ్లలో, తేలికవి పైన పెట్టుకోవాలి. ఒక అర వెడల్పు 35-40 సెంటీమీటర్లు దాటకూడదు. మడిచిన చొక్కా సరిగ్గా పట్టే కొలతే అది. ఇంకా వెడల్పు కావాలంటే మధ్యలో నిలువు అడ్డుపలక పెట్టాలి. హ్యాంగర్లు తగిలించే రాడ్డుంటే దాని బరువంతా రెండు చిన్న రంధ్రాల అంచుల మీద పడుతుంది. అక్కడ అదనంగా రెండు మూడు అట్ట ముక్కలు అతికించకపోతే రంధ్రం కిందికి చీరుకుపోతుంది. రాడ్డు కోసం ఇనుము వెతకక్కర్లేదు. బట్టల షాపుల్లో తాను చుట్టిన లావుపాటి అట్ట గొట్టాలు అడిగితే ఇస్తారు, పొట్టి రాడ్డుకు అవి సరిపోతాయి.

ఇక తడి. కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గాలిలో తేమ 50 శాతం నుంచి 90 శాతానికి చేరితే అట్ట నిలువు బలం దాదాపు సగం పోతుంది. అనంతపురంలో నిశ్చింతగా నిలబడే గూడు విశాఖలోనో కాకినాడలోనో ఆగస్టు నెలలో అంతే బరువుకు ఒరగొచ్చు. అమ్మేవాళ్లు చెప్పిన బరువులో సగమే పెట్టుకోవడం కోస్తా ఊళ్లలో ఉండేవాళ్లకు క్షేమం. గోడకు నాలుగు వేళ్ల ఎడం వదలాలి. చెమ్మ ఎక్కే గోడైతే ఆ గోడే వద్దు.

గాలిలో తేమ కంటే పెద్ద ప్రమాదం ఒకటి మన ఇళ్లలో రోజూ జరుగుతుంది. కార్పెట్ పరిచిన గదుల కోసం గీసిన డిజైన్లలో దాని ఊసే ఉండదు. మనం పొద్దున్నే ఇల్లు ఊడ్చి తడిగుడ్డ పెడతాం. ఆ నీరు అలమర కింది అంచుకు తగులుతుంది. నిలువుగా ఉన్న గొట్టాల తెరిచిన నోళ్లు నేల మీదే ఉంటాయి గనుక, కాగితం ఆ నీటిని కింది నుంచి పైకి పీల్చుకుంటుంది. పైన అంతా పొడిగా, గట్టిగా కనిపిస్తూనే ఉంటుంది. కింది రెండంగుళాలు మాత్రం రోజురోజుకూ మెత్తబడి, ఒకరోజు మొత్తం పక్కకు వాలుతుంది. ఎవరైనా అట్ట అలమర పాడైందంటే ముందుగా నేను చూడమనేది ఆ కింది అంచునే. దీనికి విరుగుడు చాలా సులువు. కింద చెక్క పీటలో, ఇనుప స్టాండో వేసి నేల నుంచి నాలుగంగుళాలు ఎత్తాలి. అలా ఎత్తడానికి వీల్లేని డిజైనును, ఎంత అందంగా ఉన్నా, కొనకూడదు. ముసురు రోజుల్లో సగం ఆరిన బట్టల్ని అరలో పెట్టే అలవాటు కూడా మానుకోవాలి.

చెదల విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. అట్ట అంటే సెల్యులోజు, చెదలకు అది మేత. చెదలున్నాయో లేవో కనిపెట్టడానికి పరిశోధకులు ఎరగా పాతిపెట్టే వస్తువుల్లో అలల అట్ట చుట్ట ఒకటి. నేల మీది పాత ఇల్లు, గుమ్మాలకు చెద పట్టిన చరిత్ర ఉన్న ఇల్లు అయితే అట్ట అలమర ఆలోచనే వద్దు. పై అంతస్తుల్లో ముప్పు తక్కువ, అయినా నెలకోసారి వెనక్కి జరిపి మట్టి దారులేమైనా వచ్చాయేమో చూసుకోవాలి. తయారీదారు బోరేట్ మందు కలిపాడేమో అడగండి. కలరా ఉండలు బట్టల పురుగుకు పనికొస్తాయి గానీ, నేల కింది నుంచి వచ్చే చెదల్ని ఆపే పనిని వాటికి అప్పగించలేం. బొద్దింకలు, సిల్వర్‌ఫిష్‌లు దూరేది తెరిచిన అంచుల్లోంచే. పిండి జిగురు వాటికి ఇష్టం. కోసిన అంచులన్నిటినీ కాగితపు టేపుతో మూసేస్తే దారి మూసుకుపోతుంది. సొంతంగా చేసుకునేవాళ్లు మైదా జిగురు వాడొద్దు, ఫెవికాల్ వాడండి. పుస్తకాల బైండింగులో మైదా పేస్టుకు మైలుతుత్తం కలిపేది పురుగు పట్టకుండా ఉండటానికే. కానీ అది విషం. పిల్లల బట్టలుండే చోట దానికి తావివ్వకూడదు.

పట్టుచీరలు మాత్రం ఇందులో పెట్టొద్దు. మామూలు అట్టలో ఆమ్ల గుణం ఉంటుంది. ఏళ్ల తరబడి ఆనుకుని ఉన్న పట్టుకు, నూలుకు పసుపు మరకలు వస్తాయి. మ్యూజియంలు పాత వస్త్రాల్ని ఆమ్లం లేని ప్రత్యేకమైన పెట్టెల్లో దాచేది అందుకే. మన పాత ఇళ్లలో ఈ విభజన చక్కగా ఉండేది. రోజూ కట్టుకునేవి దండెం మీదో చిలక్కొయ్యకో ఉండేవి, దాచుకునేవి తెల్లటి నూలు గుడ్డలో చుట్టి భోషాణంలోకి వెళ్లేవి. అట్ట అలమరను దండెంలా వాడుకుంటే సుఖం, భోషాణంలా వాడితే నష్టం. దీన్ని కొనాలనుకునే వారికి నేను ముఖ్యంగా చెప్పేది ఇదే. వారం వారం చేతులు పడే బట్టలకు ఇది చాలా మంచి వస్తువు.

పర్యావరణం సంగతేమిటి? "కాగితం కాబట్టి పచ్చనిది" అని అచ్చేస్తే సరిపోదు. కాగితం పోగును అయిదారు సార్లు తిరిగి వాడవచ్చు. ప్రతిసారీ పోగు పొట్టిదవుతుంది, కొంత కొత్త గుజ్జు కలపాల్సి వస్తుంది. ఏడాదికోసారి అలమర పారేసి కొత్తది కొనేవాళ్లు ప్రకృతికి చేసే మేలేమీ లేదు. అమ్మమ్మ కాలం నాటి ఇనుప బీరువా ఇంట్లో ఉండి, సొంత ఇల్లూ ఉంటే దాన్ని మించిన పచ్చని వస్తువు లేదు. దానికి రంగు వేయించుకుని వాడుకోవడమే ఉత్తమం. ఇళ్లు మారేవాళ్ల సంగతి వేరు. వాళ్లు బీరువాకు బదులు కొనేది పార్టికల్ బోర్డు. చెక్కపొట్టును రెసిన్‌తో అదిమి చేసిన ఆ బోర్డు విరిగితే ఎవరూ కొనరు.  అట్టకు మాత్రం మన వీధిలో ఒక ధర ఉంది. పాత పేపర్లు కొనే మనిషి కిలో లెక్కన తూచి తీసుకుంటాడు. అది గోడౌనుకు, అక్కడి నుంచి క్రాఫ్ట్ పేపరు మిల్లుకు చేరుతుంది. మన మిల్లుల్లో క్రాఫ్ట్ కాగితానికి ముఖ్యమైన ముడిసరుకు పాత అట్టపెట్టెలే. ఎవరి పిలుపూ అక్కర్లేకుండా మన దేశంలో జరిగిపోతున్న రీసైక్లింగ్ ఇది. నాకు అట్ట అలమర మీద నమ్మకం కలిగించినది కూడా ఇదే.

ఆ గొలుసును తెంపేది మెరుపు పూత. చాలా అట్ట అలమరలకు అందం కోసం, తడి ఆగడం కోసం పైన ప్లాస్టిక్ ఫిల్మ్ అతికిస్తారు. కొనే ముందు చిన్న ముక్క అడిగి మూల చింపి చూడండి. కాగితంలా నూగు నూగుగా చిరిగితే మంచిది. చిరిగిన అంచు దగ్గర పల్చని పొర సాగుతూ ఊడివస్తే అది ప్లాస్టిక్, మిల్లులో దాన్ని వేరుచేయడం కష్టం. నీటి ఆధారిత పూత వేసినవీ దొరుకుతాయి, వాటినే ఎంచుకోవాలి.

విడివిడి గూళ్లుగా ఉండటంలోని అసలు లాభం ఏదైనా పాడైనప్పుడే తెలుస్తుంది. తడిసింది ఒక గూడే అయితే ఆ ఒక్కదాన్నే మార్చుకోవచ్చు, మిగతావన్నీ అలాగే ఉంటాయి. అందుకే కొనేటప్పుడు విడి గూడు అమ్ముతారా, రెండేళ్ల తర్వాత అదే కొలతలో దొరుకుతుందా అని తేల్చుకోవాలి. దొరకదంటే అది పేరుకే మాడ్యులర్. పిల్లల గదికి ఇవి బాగా నప్పుతాయి. మూడేళ్ల బిడ్డకు అందే ఎత్తులో రెండు గూళ్లు చాలు, పెరిగేకొద్దీ పైన చేర్చుకోవచ్చు. తేలికగా ఉండటం వల్ల పిల్లలు పట్టుకుని ఎక్కితే ముందుకు పడే ప్రమాదం ఉంది కాబట్టి, మూడు గూళ్ల ఎత్తు దాటితే గోడకు కట్టాల్సిందే. అగరువత్తి, దోమల కాయిల్, దేవుడి దీపం, వేడి తగ్గని ఇస్త్రీపెట్టె దీని దరిదాపుల్లో ఉండకూడదు.

గూడు పాతబడి కుంగిపోయాక పారేసే పద్ధతి కూడా ఉంది. రాడ్డు, ప్లాస్టిక్ క్లిప్పులు, టేపు ముందుగా తీసేయాలి. చెమ్మగా ఉంటే ఎండలో రెండు రోజులు ఆరబెట్టాలి, ఎందుకంటే తడి అట్టకు పాత పేపర్లవాళ్లు సరైన ధర కట్టరు, గోడౌనులో పక్కనున్న మంచి సరుకుకూ దానివల్ల బూజు పడుతుంది. ఆరాక చదునుగా మడిచి, వారం పేపర్ల కట్టతో పాటు తూకానికి వేసేయడమే.