చదువు ఆగిన ఏడాది

మార్కండేయ గుడి దగ్గర కలిసినా, పెళ్లి పందిట్లో పక్కన కూర్చున్నా మనవాళ్లు నన్ను అడిగేది ఒక్కటే: "బీఏ అయిపోయింది గద బిడ్డా, ఇప్పుడేం చేస్తున్నవ్?" పోయిన ఏడాదంతా "ఏం లేదత్తా, ఇంటికాడనే" అని తప్పించుకున్నాను. ఈసారి మన పత్రికలోనే జవాబు రాస్తున్నాను. నాలాగా చదువు ఆగినవాళ్లు మన సోలాపూర్‌లో చాలామందే ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

నా ఆఖరి పరీక్ష అయిన పదో రోజున కారఖానాలో నాయిన కుడిచెయ్యి మగ్గంలో పడింది. రెండు వేళ్లు పోయినయి. తమ్ముడు పదకొండో తరగతి. అమ్మ బీడీలు చుడితే వచ్చే డబ్బుతో ఇల్లు గడవదు. నేను ఇంగ్లీషులో ఎం.ఏ. చేద్దామనుకున్నదాన్ని, టవళ్ల దుకాణంలో లెక్కలు రాసే పనికి పోయాను. నెలకు తొమ్మిది వేలు. ఫారాలు నింపే తేదీలు నా కళ్లముందే దాటిపోయినయి.

సాయంత్రాలు నాయిన అరుగు మీద ఊరికే కూర్చునేవాడు. ముప్పై ఏండ్లు మగ్గం చప్పుడులో బతికిన మనిషికి ఆ నిశ్శబ్దం పడలేదు. మాట్లాడించాలని పని సంగతులు అడగడం మొదలుపెట్టాను. అవ్వ కూడా కలిసింది, చేతిమగ్గం రోజుల సంగతులు చెప్పింది. పడుగు, పేక, నాడె, కండె, ఆసు. దుకాణంలో పారేసిన పాత లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నాను. పక్కింటి మరాఠీ కాకు విని "మేమూ కాండీ అనే అంటాం" అంది. కండె, కాండీ. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారు? నాయినను చూడడానికి వచ్చిన మేనత్తది సిరిసిల్ల. ఆమె పవర్‌లూమ్‌ను "సాంచ" అంటుంది. నాయిన ఆలోచించి, "బొంబాయి మిల్లులల్ల మగ్గాల ఖాతాను సాచాఖాతా అంటుండిరి" అన్నాడు. బొంబాయి, భీవండి పోయి తిరిగొచ్చిన పనివాళ్లతోనే ఆ మాట సిరిసిల్లకు చేరిందా? నాకు నిద్ర పట్టలేదు.

నా పుస్తకం చూసి మా పాత మేడం చెప్పింది: దీన్నే ఒక చదువుగా చదువుతారు, పేరు భాషాశాస్త్రం. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆంధ్రప్రదేశ్ జిల్లాల నుంచి వృత్తి పదాలు సేకరింపజేసి కోశాలు తెచ్చారు. మొదటిది వ్యవసాయం, 1962. రెండోది చేనేత, 1971. సోలాపూర్ ఆ రాష్ట్రం హద్దు బయట ఉంది. మన అవ్వల మాటలు మనమే రాసుకోవాలి.

అమ్మకు చెబితే నవ్వింది. "తెలుగు, మరాఠీ, హిందీ, కన్నడం నీకు వచ్చు గదనే. ఇంక భాష నేర్చుకోను పైసలెందుకు?" నేను ఒక ఉదాహరణ చెప్పాను. "మనం పోదాం" అంటే ఎదుటి మనిషి కూడా కలిసినట్టు. "మేం పోతం" అంటే ఆ మనిషి లేనట్టు. మరాఠీలో కూడా ఆపణ్, ఆమ్హీ అని రెండున్నయి. హిందీలో హమ్ ఒక్కటే. మరాఠీకి ఇది దక్షిణాది భాషల సావాసంతో వచ్చిందని పండితులు అంటారు. మన పక్కనే సాంగ్లీ జిల్లా కుప్వాడ్‌లో మరాఠీ, కన్నడం, ఉర్దూ, తెలుగు కలిసి బతికి ఒకదాన్నొకటి ఎట్లా మార్చుకున్నాయో గంపర్జ్, విల్సన్ అనే ఇద్దరు 1971లోనే రాశారు. భాష మాట్లాడడం వేరు, అది ఎట్లా నడుస్తుందో విప్పి చూడడం వేరు. మగ్గం నడిపేవాడు, మగ్గం బాగుచేసే జాబర్ లాగా. ఈ మాటకు నాయిన తల ఊపాడు. అమ్మ ఊపలేదు. "నౌకరీ?" అంది.

అబద్ధం చెప్పలేదు. నౌకరీలు కుప్పలుగా లేవు. అధ్యాపకులు, నిఘంటువులు, అనువాదం, మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ వంటివి, ఫోన్లకు మన మాటలు నేర్పే కంపెనీలు. యూజీసీ నెట్‌లో భాషాశాస్త్రం ఒక సబ్జెక్టు. అందులో జేఆర్‌ఎఫ్ వచ్చి పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000 ఫెలోషిప్.

మూడు రాత్రులు ఇంట్లో ఈ మాటే. చివరికి అమ్మ ఒక షరతు పెట్టింది: తమ్ముడి పన్నెండో తరగతి ఫీజు ముందు, నా చదువు తర్వాత. ఒప్పుకున్నాను. నేను దాచిన నలభై ఒక్క వేలలో ఫీజు పక్కన పెట్టాక మిగిలినదాని మీదనే నా లెక్క.

నా ఏర్పాటు ఇది. మొదటిది పుణెలోని దక్కన్ కాలేజీ. రైలెక్కితే నాలుగు గంటలు, నాయినకు కష్టమైతే వెంటనే రావచ్చు. రెండోది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, దానికి సీయూఈటీ పీజీ రాయాలి. ఈమధ్య ఆ పరీక్ష మార్చిలో జరుగుతోంది, కాబట్టి డిసెంబరు నుంచే ప్రకటన కోసం చూడాలి. మూడోది ఉస్మానియా, దానికి సీపీగెట్. ఈ చదువుకు భాషలోనే డిగ్రీ ఉండాలని చాలాచోట్ల లేదు. పాఠాలు ఈపీజీ పాఠశాలలో ఉచితం. రోజూ దుకాణం నుంచి వచ్చాక రెండు గంటలు చదువుతున్నాను.

కాయితాల సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఏడాది ఆగినందుకు సీటు పోదు. అయితే మన దగ్గర చాలా కాలేజీలు ఆ ఏడాది ఏం చేశారో స్టాంపు కాయితం మీద అఫిడవిట్ అడుగుతాయి. ఓబీసీ కింద సెంట్రల్ యూనివర్సిటీకి దరఖాస్తు చేసేవాళ్లకు రాష్ట్రం పత్రం చాలదు, కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. ఫారం తేదీ దగ్గరపడ్డాక తహసీల్ ఆఫీసుకు పరుగెత్తితే అందదు.

నా అఫిడవిట్ మొన్న రాయించాను. కారణం దగ్గర "తండ్రి అనారోగ్యం" అని వకీలు రాశాడు. నాయిన చదివించుకుని, ఎడమచేత్తో ఆ కాయితం పక్కకు జరిపి, "పుస్తకం తే. నిన్న ఒక మాట యాదికొచ్చింది" అన్నాడు. అది మూడు వందల నలభై ఒకటో మాట. మీ ఇండ్లల్ల ఇట్లాంటివి ఉంటే పత్రికకు రాసి పంపండి, ఏ ఊరి మాటో కూడా రాయండి.