వార్తల్లో పదం: మెడికెయిడ్ వేవర్

అమెరికాలో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వారికి, వికలాంగులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) నిధుల కోత మాట వచ్చినప్పుడల్లా ఈ పదమూ వినపడుతుంది. వేవర్ అంటే మినహాయింపు. దేని నుంచి?

1981లో అయోవాకు చెందిన మూడేళ్ల కేటీ బెకెట్ ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉంది. ఇంటికి పంపవచ్చని డాక్టర్లే అన్నారు. కానీ ఆసుపత్రిలో ఉంటేనే మెడికెయిడ్ డబ్బు కడుతుంది. గడప దాటితే అమ్మానాన్నల ఆదాయం లెక్కలోకొచ్చి సాయం ఆగిపోతుంది. పసిపిల్లను ఇంటికి దూరంగా ఉంచడానికే ఎక్కువ ఖర్చు పెట్టారన్నమాట! అధ్యక్షుడు రీగన్ విలేకరుల ముందు ఈ సంగతి చెప్పాక నిబంధన సడలించారు.

అదే ఏడాది చట్టమూ మారింది. నర్సింగ్ హోమ్ లాంటి సంస్థలో చేర్చడానికి ఇచ్చే సొమ్మునే ఇంటి దగ్గర సేవలకు వాడుకునే వీలు రాష్ట్రాలకు దక్కింది. సంస్థలో ఉంటేనే సాయమన్న నిబంధన నుంచి ఇచ్చే ఈ మినహాయింపే వేవర్. స్నానం చేయించే సహాయకురాలు, అమ్మకు నాలుగు గంటల విశ్రాంతి, ఉద్యోగంలో పక్కనుండి పని నేర్పే మనిషి... 1967లో ఎదుగుదల లోపాలున్నవారు దాదాపు 1.95 లక్షల మంది ప్రభుత్వ సంస్థల్లో ఉండేవారు. ఆ సంస్థలు ఖాళీ కావడానికి వేవర్ పెద్ద ఊతమైంది.

చిక్కల్లా ఒక్కటే. నర్సింగ్ హోమ్ ఖర్చు భరించడం రాష్ట్రాలకు తప్పనిసరి. వేవర్ ఐచ్ఛికం, పైగా సీట్లకు పరిమితి. కోత పడితే ముందు భయం దీనికే. ఇప్పటికే నిరీక్షణ జాబితాల్లో లక్షల మంది ఉన్నారు. రాష్ట్రం మారితే వేవర్ వెంట రాదు, కొత్తచోట మళ్లీ దరఖాస్తు చేయాల్సిందే. వేవర్ అవసరమైన పిల్లలుండి, ఉద్యోగం కోసం ఊళ్లు మారే అక్కడి తెలుగు తల్లిదండ్రులు ఇల్లు ఖాళీ చేసేముందే ఈ సంగతి కనుక్కోవాలి.