సంక్రాంతి సెలవులు – తాళం వేసిన ఇళ్లు

సంక్రాంతి సెలవులు ఇచ్చారంటే మా హాస్టల్లో చాలామంది సంతోషంగా పెట్టెలు సర్దుకుంటారు. కొందరం మాత్రం పెట్టె మీద కూర్చుని ఆలోచిస్తాం. ఊరికి పోతే ఇంటికి తాళం వేసి ఉంటుంది. అమ్మానాన్నలు వలస పోయి ఉంటారు.

మాది పాలమూరు. కృష్ణా, తుంగభద్రా నదులు పక్కనే పారుతున్నా మా చెలకలు చాలావరకు వానను నమ్ముకున్నవే. వానాకాలం పంట ఇంటికి రాగానే ఊళ్లో పని అయిపోతుంది. బోరు కోసమో, పెళ్లి కోసమో చేసిన అప్పు మాత్రం మిగిలే ఉంటుంది. అప్పుడు గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు అప్పుకే పోతుంది. తరువాత అది కూలిలో తెగేవరకు మధ్యలో తిరిగి రావడానికి ఉండదు. బొంబాయి, పుణె, హైదరాబాద్ – ఎక్కడ మట్టి పని, భవనాల పని ఉంటే అక్కడికి పోతారు.

ఇక పిల్లల సంగతి. వెంట తీసుకుపోతే డేరాలో ఉండాలి. అక్కడి బడిలో భాష వేరు. ఉగాదికి తిరిగి వచ్చేసరికి ఇక్కడి పాఠాలు అయిపోతాయి. ఊళ్లో వదిలిపోతే ముసలి అవ్వే దిక్కు. నీళ్లు, వంట, తమ్ముళ్ల ఆలనాపాలనా అన్నీ పెద్దపిల్ల మీద పడతాయి. మొదట ఆమె ఆలస్యంగా బడికి వస్తుంది, తరువాత మానేస్తుంది. ఎదిగిన పిల్లను ఒంటరిగా ఎలా వదలాలని 18 ఏళ్లు నిండకముందే పెళ్లి చేసేవారూ ఉన్నారు. మా అక్కలు కొందరి చదువు ఇలాగే ఆగిపోయింది.

ఆదివారం సాయంత్రం వార్డెన్ సారు ఫోన్‌కు అమ్మ ఫోన్ చేస్తుంది. "తిన్నావా బిడ్డా?" అంటుంది. జ్వరం వచ్చినా "బాగున్న" అనే చెబుతాం. చెబితే ఆమె అక్కడ పని చేయలేదు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఏడాదికి ఇంటికి 100 రోజుల పని అన్నారు. సొంత ఊళ్లో పని, సమయానికి కూలి దొరికిన ఇళ్లలో తల్లులైనా ఆగగలిగారు. ఎత్తిపోతల నీళ్లు వచ్చిన ఊళ్లలోనూ వలస తగ్గింది. కానీ పూర్తిగా ఆగలేదు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను టి.సి. ఆలస్యమైందని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. ఈ మాట డేరాల్లో ఉన్న తల్లిదండ్రులకు చెప్పేవారు కావాలి.

మా అమ్మానాన్నల మీద మాకు కోపం లేదు. మేము చదవాలనే వారు తట్టలు మోస్తున్నారు. పెద్దలను ఒక్కటే కోరుతున్నాం: పండుగ సెలవుల్లోనూ హాస్టల్లో ఒక గది తెరిచి, ఒక పొయ్యి వెలిగించండి.

మిత్రులారా! ఈ సంక్రాంతికి పక్కవాడు పెట్టె సర్దకుండా కూర్చుంటే కారణం అడగకండి. "మా ఊరికి వస్తావా?" అని అడగండి.