తేనె, పంచదార – గుండెకు ఏది మేలు?

"కొలెస్టరాల్ ఎక్కువైందన్నారు, అందుకే పంచదార మానేసి తేనె వాడుతున్నాను" అని పెద్దవాళ్ళు అనడం మీరు వినే ఉంటారు. తేనె ఎంత తిన్నా ఫరవాలేదని చాలామంది నమ్మకం. ఇందులో నిజమెంతో పరిశీలిద్దాం.

తేనెలోగాని పంచదారలోగాని కొలెస్టరాల్ లేదు. అది మాంసం, గుడ్లు, వెన్న వంటి వాటిలో ఉంటుంది. మన కాలేయం కూడా దాన్ని తయారుచేస్తుంది. మరి తీపికీ గుండెకూ సంబంధమేమిటి?

పంచదార రసాయన నామం సుక్రోజు. ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజు కలిస్తే ఒక సుక్రోజు అణువు. మన చిన్న ప్రేగులోని ఎంజైము దీన్ని విడగొడుతుంది. తేనెటీగ ఈ పనిని ముందే చేసిపెడుతుంది! మకరందంలోని సుక్రోజును తన ఎంజైముతో విడగొట్టి తేనెపట్టులో దాస్తుంది. అందుకే 100 గ్రాముల తేనెలో సుమారు 38 గ్రాముల ఫ్రక్టోజు, 31 గ్రాముల గ్లూకోజు, 17 గ్రాముల నీరు ఉంటాయి. అంటే ఏది తిన్నా రక్తంలో చేరేవి ముఖ్యంగా ఈ రెండు చక్కెరలే.

గ్లూకోజును శరీరంలోని కణాలన్నీ వాడుకోగలవు. ఫ్రక్టోజు భారం మాత్రం ఎక్కువగా కాలేయం మీద పడుతుంది. తీపి మితిమీరితే కాలేయం అందులో కొంత భాగాన్ని ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. ధమనుల గోడలలో పేరుకునే ఎల్.డి.ఎల్. కొలెస్టరాల్ కూడా పెరగవచ్చు. ధమనులు ఇరుకైతే గుండె కండరానికి రక్తం చాలదు. 2014లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం చూడండి. ఆహారంలోని శక్తిలో నాలుగోవంతు, అంతకుమించి కలిపిన చక్కెరల నుంచే పొందేవారికి, 10 శాతంలోపు పొందేవారికంటే, గుండెజబ్బుతో మరణించే ప్రమాదం రెండున్నర రెట్లు మించి ఉన్నట్లు తేలింది.

అయితే తేనెకు ఏ ప్రత్యేకతా లేదా? 2022లో కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 18 ప్రయోగాల ఫలితాలను కలిపి పరిశీలించారు. వాటిలో 1,100 మందికి పైగా పాల్గొన్నారు. తేనె తీసుకున్నవారిలో ఎల్.డి.ఎల్. కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్లు కొద్దిగా తగ్గాయి. కాని ఈ సాక్ష్యం ఇంకా బలమైనది కాదని వారే చెప్పారు. పైగా ఆ ప్రయోగాలలోని వారు మొత్తం మీద తీపిని మితంగా తినేవారు. కాబట్టి పంచదారకు బదులుగా కొంచెం తేనె వాడటం వేరు, పంచదారతోపాటు తేనె కూడా తినడం వేరు.

ఇప్పుడొక లెక్క. ఒక టీ చెంచా పంచదార సుమారు 4 గ్రాములు. అదే చెంచాతో తేనె సుమారు 7 గ్రాములు తూగుతుంది. అందులో చక్కెరలు 6 గ్రాములకు దగ్గరగా ఉంటాయి. అంటే చెంచాకు చెంచా మారిస్తే చక్కెర తగ్గలేదు, పెరిగింది!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చేసిన సూచనలో తేనెను కూడా పంచదారతోపాటే లెక్కించింది. ఇటువంటి చక్కెరల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 10 శాతం లోపు ఉండాలన్నది. రోజుకు 2,000 కేలరీల ఆహారం తినేవారికి అది 50 గ్రాములు. 25 గ్రాములకు తగ్గిస్తే ఇంకా మేలట.

మీ ఇంట్లో రోజుకు ఒక్కొక్కరు కాఫీ, టీ, పానీయాలు, మిఠాయిలతో ఎన్ని చెంచాల తీపి తింటున్నారో ఒక వారంపాటు రాసి చూడండి. ఆ లెక్కను పెద్దవాళ్ళకు చూపించండి. కొలెస్టరాల్‌కు డాక్టరు ఇచ్చిన మాత్రలు మానేసి తేనెను నమ్ముకోవద్దని కూడా వారికి చెప్పండి.