రెక్కను కూర్చే రివెట్టు

వంటింటి మూకుడుకు పిడిని, ట్రంకుపెట్టెకు గొళ్ళేన్ని బిగించే చిన్న లోహపు బొడిపెను రివెట్టు అంటారు. మేకును పీకవచ్చు, మరను విప్పవచ్చు. రివెట్టు అటువంటిది కాదు. రెండు రేకుల రంధ్రాలలో దూర్చి, రెండవ కొనను కొట్టి చదును చేస్తే ఇరువైపులా తలలు ఏర్పడి ఆ రేకులు విడరాని బంధంలో చిక్కుకొంటాయి. ఇంత సామాన్యమైన వస్తువుపై విమానపు రెక్క ఆధారపడి ఉండటం ఆశ్చర్యకరమే.

రెక్క నిర్మాణం పెంకుటింటి కప్పును పోలి ఉంటుంది. ఇంటికి దూలం ఎట్లాగో రెక్కకు ‘స్పార్’ అట్లా. వాసాల స్థానంలో ‘రిబ్బులు’, పెంకుల స్థానంలో పలుచని అల్యూమినియం రేకు ఉంటాయి. అయితే ఈ పోలిక ఇక్కడితో ఆగుతుంది. పెంకు ఇంటి బరువును మోయదు. రెక్కపై రేకు మాత్రం భారాన్ని పంచుకొంటుంది. గాలి కలిగించే బలం రేకు నుండి రిబ్బుకు, రిబ్బు నుండి స్పార్‌కు చేరేది రివెట్ల ద్వారానే.

ఈ రేకులను వెల్డింగుతో అతికించరాదా అనే సందేహం సహజం. 1906లో జర్మనీకి చెందిన లోహశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ విల్మ్ ఒక వింతను గమనించాడు. రాగి, మెగ్నీషియం కలిసిన అల్యూమినియాన్ని బాగా వేడిచేసి చల్లార్చితే, కొద్ది రోజులలో అది తనంత తానే గట్టిపడుతుంది. దానికే డ్యూరాల్యుమిన్ అని పేరు. వేడిని నేర్పుగా ప్రయోగించి సాధించిన ఆ బలం వెల్డింగు మంట తగిలితే సన్నగిల్లుతుంది. రివెట్టుకు మంటతో పని లేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు కర్మాగారాలలో కొన్ని రకాల రివెట్లను వాడే క్షణం వరకు మంచుపెట్టెలలో దాచేవారు. బయట ఉంచితే అవి కొట్టడానికి వీలులేనంతగా గట్టిపడేవి.

పెద్ద కర్మాగారాలకే పరిమితమనిపించే ఈ పనిని ఇంటి షెడ్డులో చేసేవారూ ఉన్నారు. అమెరికాలో ఇటువంటి ఔత్సాహికుల సంఘం 1953లోనే ఏర్పడింది. ఇద్దరు కూర్చునే చిన్న లోహ విమానానికి సైతం పదివేలకు పైగా రివెట్లు పట్టవచ్చు. మన దేశంలో అమోల్ యాదవ్ అనే వైమానికుడు ముంబైలో తన ఇంటి మేడపై నిర్మించిన ఆరు సీట్ల విమానం 2017లో అధికారికంగా నమోదయింది.

పని రంధ్రంతో మొదలవుతుంది. దర్జీ కుట్టుకు ముందు గుండుసూదులు గుచ్చినట్లు, రేకులు కదలకుండా ‘క్లెకో’ అనే స్ప్రింగు పిన్నులు బిగిస్తారు. రంధ్రాలు వేశాక రేకులను మళ్ళీ విడదీసి అంచుల గరుకును తొలగిస్తారు. విసుగు పుట్టించే పనే కాని, దీనిని దాటవేయరాదు. ఆ గరుకు వద్దనే పగులు పుట్టే ప్రమాదం ఉంది.

ఆ పైన ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు గాలి ఒత్తిడితో పనిచేసే రివెట్ తుపాకిని తలపై ఆనిస్తారు. రెండవవారు లోపలివైపు తోకకు ‘బకింగ్ బార్’ అనే ఉక్కుదిమ్మను అదిమి పట్టుకొంటారు. దిమ్మ ఆనకముందే తుపాకి మోగితే రేకు సొట్టపోతుంది. 3.2 మిల్లీమీటర్ల రివెట్టు తోక రేకుకు ఆవల 4.8 మిల్లీమీటర్లు పొడుచుకురావాలి. కొట్టిన తరువాత ఏర్పడే తల వెడల్పు సుమారు 4.8, ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. మిగిలిన లోహం రంధ్రంలోనే ఉబ్బి దానిని పూర్తిగా నింపుతుంది; కూర్పుకు పట్టు అందువల్లనే.

ఆ చప్పుడులో మాటలు వినబడవు. అందుచేత లోపలివారు రేకుపై తట్టి చెప్పే పద్ధతి ఏర్పడింది. ఒకసారి తడితే ఇంకా కొట్టుమని, రెండుసార్లు తడితే సరిపోయిందని, మూడుసార్లు తడితే చెడినది, తీసివేయాలని అర్థం. చెడినదాని తలను డ్రిల్లుతో తొలిచి, తోకను నెట్టివేస్తారు. అప్పుడు రంధ్రం పెద్దదైతే మరింత లావు రివెట్టు వాడవలసి వస్తుంది.

రంధ్రం విషయంలో ఇంత పట్టుదల ఎందుకో 1988 ఏప్రిల్ 28న హవాయిలో తెలిసింది. 24,000 అడుగుల ఎత్తులో ఎగురుతున్న అలోహా సంస్థ బోయింగ్ 737 పైకప్పు సుమారు 5.5 మీటర్ల మేర ఊడిపోయింది. ఒక విమాన పరిచారిక గాలిలో కొట్టుకుపోయి మరణించింది. రేకుల అతుకులోని జిగురు పట్టు సడలగా, రివెట్ల రంధ్రాల వద్ద పుట్టిన సన్నని పగుళ్ళు ఒకదానితో ఒకటి కలిశాయి. పరిశీలనలో అవి కంటపడలేదు.

చేవెళ్ల, మొయినాబాద్ మండలాలున్న రంగారెడ్డి జిల్లాకు విమాన భాగాల నిర్మాణం దూరపు ముచ్చట కాదు. అదే జిల్లాలోని ఆదిభట్లలో 2010 నుండి సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్ల క్యాబిన్లు, ఆ తరువాత సి-130జె రవాణా విమానాల తోక భాగాలు తయారయ్యాయి. 2018లో ప్రారంభమైన టాటా-బోయింగ్ కర్మాగారం నుండి అపాచీ హెలికాప్టర్ల దేహభాగాలు విదేశాలకు వెళ్ళాయి. మర్రిచెట్ల నీడలో సాగే చేవెళ్ల దారి నుండి అక్కడికి నగరపు అంచు చుట్టి వెళ్తే కొన్ని గంటల ప్రయాణమైనా పట్టదు.